నడుం మీద చెయ్యి వేయించుకునే ముందు

నడుం నొప్పి గురించి జడ్చర్లలో 30 ఏళ్ళుగా పదిమందికీ సలహాలు చెబుతూ వచ్చినవాణ్ణి నేను. అలాంటి నన్ను కిందటి సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజున ఒక నీళ్ళ బకెట్టు ఓడించింది. తెల్లవారి పెరట్లో బకెట్టు ఎత్తుదామని వంగాను. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నడుంలో కొడవలి పెట్టి లాగినట్టయింది. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, మంచం చేరడానికి పావుగంట పట్టింది.

ఇక ఇంట్లో ఉన్నవాళ్ళంతా వైద్యులైపోయారు. మా ఆవిడ ఆముదం వెచ్చజేసింది. పక్కింటి పెద్దమ్మ వచ్చి, "నరం మీద నరం ఎక్కింది, ఇంకేం లేదు" అని రోగనిర్ణయం చేసేసింది. ఇన్నేళ్ళుగా నా మందులు పొట్లాలు కట్టి ఇస్తున్న మా కాంపౌండరుకే నా మందుల మీద నమ్మకం లేదని ఆ రోజు తెలిసింది. "సారూ, మా ఊళ్ళె ఎదురుకాళ్ళతోని పుట్టిన పిలగాడున్నడు. మూడు తన్నులు తంతే సాలు, పట్టు ఇడుస్తది. తోల్కరానా?" అన్నాడు. కాళ్ళు ముందుగా పుట్టినవాళ్ళ చేత తన్నించుకుంటే నడుం పట్టు పోతుందన్న నమ్మకం మన పల్లెల్లో చాలా పాతది. నవ్వబోయాను. నవ్వితే కూడా నొప్పే.

బాదేపల్లి మార్కెట్లో కమీషను వ్యాపారం చేసే నా మిత్రుడు సాయంత్రం వచ్చి, "పుత్తూరు పోదాం పా" అన్నాడు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు దగ్గర ఒక కుటుంబంవారు తరతరాలుగా విరిగిన ఎముకలకు కట్లు కడుతున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ పీలికలు, వీటితో వేసే ఆ కట్టుకు రాష్ట్రాలు దాటి జనం వస్తారు. కాని నాకు ఎముక విరగలేదు. విరగని ఎముకకు కట్టు కట్టించుకోవడానికి అంత దూరం బస్సులో కూర్చుని పోతే, అసలు లేని జబ్బు దారిలో వస్తుందని చెప్పి పంపించాను.

మూడు వారాలు గడిచాయి. సాధారణంగా ఇలా హఠాత్తుగా వచ్చిన నడుం నొప్పి ఆరు వారాల లోపల చాలామందికి దానంతటదే తగ్గుముఖం పడుతుంది. ఈ మాట రోగులకు ధైర్యంగా చెబుతుండేవాణ్ణి. మన నడుం దగ్గరకు వచ్చేసరికి ఆ ధైర్యం ఎటో పోయింది. లేచి తిరగగలుగుతున్నాను గాని కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేను. డాక్టరు కూర్చోలేకపోతే దవాఖానా ఎలా నడుస్తుంది? హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, నువ్వు వెక్కిరించినా సరే, ఒక ఆస్టియోపతు దగ్గర టైము తీసుకున్నాను. శనివారం రా" అంది. వెక్కిరించిన మాట నిజమే. అయినా వెళ్ళాను.

ఆస్టియోపతి అనే మాట మన వైపు చాలామందికి కొత్త. మందులు, కత్తి లేకుండా చేతులతో ఎముకల కీళ్ళను, కండరాలను తడిమి చూసి, నొక్కి, సాగదీసి, కదిలించి చేసే వైద్యం అది. దీన్ని మొదలుపెట్టినవాడు ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికను వైద్యుడు. 1864లో అతని పిల్లలు ముగ్గురు మెదడువాపు జ్వరంతో పోయారు. తన మందులు తన పిల్లల్నే బతికించలేకపోయాయన్న దుఃఖంలో ఆయన వేరే దారి వెతికాడు. 1874లో తన పద్ధతిని ప్రకటించి, 1892లో మిస్సౌరీ రాష్ట్రంలోని కిర్క్‌స్‌విల్ అనే ఊళ్ళో బడి పెట్టాడు. ఎముకలు సరిచేస్తే సకల రోగాలూ పోతాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం అంతవరకూ నిలవలేదు గాని చేతిపని నిలిచింది. ఈనాడు అమెరికాలో ఆ చదువు చదివినవారు మామూలు డాక్టర్లలాగే మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. ఇంగ్లండులో అలా కాదు, అక్కడ వారిది చేతి వైద్యమే. వాళ్ళ కోసం 1993లో చట్టం చేసి, రిజిస్టరు పెట్టారు. మన దేశంలో ఒడిశాలోని కటక్ దగ్గర శ్రీశ్రీ విశ్వవిద్యాలయంలో ఈ చదువు ఉంది. అయితే మాకు మెడికల్ కౌన్సిలు ఉన్నట్టుగా ఆస్టియోపతులకంటూ ప్రత్యేకమైన చట్టబద్ధ కౌన్సిలు ఇక్కడ లేదు. అందువల్ల బోర్డు మీద పేరు చూసి లోపలికి పోకూడదు. ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళు చదివారు, అంతకుముందు డాక్టరా, ఫిజియోథెరపిస్టా అని అడగాలి. అడిగితే కోపం తెచ్చుకునేవారి దగ్గర నడుం పెట్టవద్దు.

జడ్చర్ల నుంచి హైదరాబాదుకు 80 పైచిలుకు కిలోమీటర్లు. మా అల్లుడు కారు తెచ్చాడు. ముందు సీటు వెనక్కి వాల్చి, నడుం వెనక తువ్వాలు చుట్టిపెట్టి కూర్చున్నాను. షాద్‌నగర్ దగ్గర దిగి అయిదు నిమిషాలు నడిచాను. నడుం నొప్పితో ప్రయాణం తప్పనివాళ్ళు ఈ చిన్న పని చేసి చూడండి. అరగంటకో ముప్పావుగంటకో ఒకసారి దిగి నడవడం ఎంతో మేలు.

ఆస్టియోపతు 40 ఏళ్ళు దాటని యువకుడు. లోపలికి పోగానే బల్లమీద బోర్లా పడుకోమంటాడనీ, టపటపమని ఎముకలు మోగిస్తాడనీ ఎదురుచూశాను. అతను కుర్చీ చూపించి, "కూర్చుంటే నొప్పి అన్నారు కదా సర్, నిలబడే మాట్లాడుకుందాం" అని తనూ నిలబడ్డాడు. తర్వాత అరగంట పాటు ప్రశ్నలు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తుండగా? కాలిలోకి పాకుతోందా, పాకితే మోకాలు దాటుతోందా? తిమ్మిరి ఉందా? దగ్గితే పెరుగుతోందా? రాత్రి నిద్రలోంచి లేపుతోందా? మూత్రం మామూలుగా వస్తోందా? కూర్చునే చోట మొద్దుబారిందా? సాయంత్రం పూట జ్వరం వస్తోందా? బరువు తగ్గారా? ఎప్పుడైనా కాన్సరుకు చికిత్స అయిందా? స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడారా? రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? ఈ మధ్య పడ్డారా?

ఆనక ఇంకో ప్రశ్న వేశాడు. "మీరు చిన్నప్పుడు ఏ ఊళ్ళో పెరిగారు సర్? ఏ నీళ్ళు తాగారు?"

అక్కడ నేను అతని వంక పరీక్షగా చూశాను. మా అమ్మగారి ఊరు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. మాకంటే ఒక తరం ముందువాళ్ళు ఆ బావుల నీళ్ళు తాగి వంగిపోయినవాళ్ళు. ఫ్లోరైడు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు చిక్కబడతాయి, వాటిని కలిపే నరాల వంటి బంధనాలు గట్టిపడి సున్నం పట్టినట్టవుతాయి. వెన్ను మొత్తం ఒకే కర్రలా బిగుసుకుపోతుంది. లోపల వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. అలాంటి మెడనో నడుమునో పట్టుకుని విసురుగా తిప్పితే కాళ్ళు చేతులు పడిపోయే ప్రమాదం ఉంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని నాగపూరు శాస్త్రజ్ఞులు పేరు పెట్టారంటే ఆ జిల్లా ఎంత కీర్తి సంపాదించిందో చూడండి! మిషన్ భగీరథ వచ్చాక పల్లెలకు కృష్ణ నీళ్ళు చేరాయి గాని, అప్పటికే గట్టిపడిన ఎముకలు కొత్త నీళ్ళకు మెత్తబడవు. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పుట్టి పెరిగిన నడివయసు దాటినవాళ్ళు ఎవరి చేతికైనా వెన్ను అప్పగించే ముందు ఈ మాట వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పండి. ఇంట్లోనే చూసుకోదగిన పరీక్షలు మూడున్నాయి. మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు తాకగలరా? గడ్డం రొమ్ముకు ఆనించగలరా? రెండు చేతులూ తల వెనక్కి పెట్టగలరా? మూడూ బిగుసుకుపోయి రావడం లేదంటే ముందు డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించుకోండి. నొప్పి పట్టేసిన రోజుల్లో వంగలేకపోవడం వేరే సంగతి. నేనూ ఆ రోజు మోకాళ్ళ దాకానే వంగగలిగాను. మిగిలిన రెండూ బాగానే వచ్చాయి.

అతని ప్రశ్నలన్నిటికీ జవాబులు చెబుతున్నాను గాని, "సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం" అన్న దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

1997 వేసవి. బాదేపల్లి యార్డులో పల్లికాయ బస్తాలు మోసే హమాలీ ఒకతను నా దగ్గరకు వచ్చేవాడు. "సారు, నడుం గుంజుతుంది. ఒక సూది ఎయ్యి. రేపు మాల్ దిగుతది" అనేవాడు. బస్తాలు మోసేవాడికి నడుం నొప్పి రాక ఇంకెవరికి వస్తుంది? సూది వేశాను. మూడు నెలల్లో నాలుగుసార్లు వచ్చాడు, నాలుగుసార్లూ సూది వేశాను. చొక్కా వదులవుతోందని చూశాను, ఎండల వల్ల అనుకున్నాను. అయిదోసారి నా దగ్గరకు రాలేదు. నడుం పట్టు తీస్తాడని పేరున్న మనిషి ఎవరి దగ్గరికో పోయాడు. ఆ మనిషి ఇతన్ని బోర్లా పడుకోబెట్టి, వెన్ను మీద మోకాలు ఆనించి, భుజాలు పట్టి వెనక్కి గుంజాడు. మర్నాడు పొద్దున ఇతని కాళ్ళు రెండూ కదలలేదు.

హైదరాబాదు పెద్దాసుపత్రిలో తేల్చారు, అది వెన్నెముక క్షయ. క్షయ ఊపిరితిత్తులకే కాదు, ఎముకలకూ పడుతుంది, అందులోనూ వెన్నంటే దానికి ఇష్టం. పూసను లోపల్లోపల తినేస్తుంది. సగం తిన్న పూస మీద మోకాలు పెడితే ఇంకేమవుతుంది? ఊళ్ళో అందరూ ఆ నాటు మనిషిని తిట్టారు. అందరికంటే గట్టిగా తిట్టినవాణ్ణి నేనే. కాని ఆసుపత్రిలో అతన్ని చూడబోయినప్పుడు అక్కడి డాక్టరు వీపు చూపించాడు. పూసల వరసలో ఒకచోట చిన్న బుడిపె, వేలికి తగిలేంత. దాని మీద మెల్లగా తడితే మనిషి అదిరిపడ్డాడు. ఆ బుడిపె ఒక్క రోజులో వచ్చేది కాదు. నా దగ్గరకు వచ్చిన నాలుగుసార్లలో నేను ఒక్కసారి కూడా అతని చొక్కా పైకెత్తి చూడలేదు.

ఆపరేషను చేశారు, నెలల తరబడి క్షయ మందులు వాడాడు. కర్ర పట్టుకుని నడిచాడు. బస్తా మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నిరుడు కూడా బజార్లో కనిపించి, "బాగున్నరా సారు" అని చెయ్యెత్తి మొక్కాడు. అతనికి ఈ సంగతి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మళ్ళీ ఆస్టియోపతు గదిలోకి వద్దాం. ప్రశ్నలయ్యాక చొక్కా, పంట్లాము తీసి లోపలి గుడ్డలతో నిలబడమన్నాడు. ఇది మీరు ముందే ఎరిగి ఉంటే మంచిది. వదులైన నిక్కరు వేసుకుని పోతే ఇబ్బంది ఉండదు. ఆడవాళ్ళు తోడుగా ఒకరిని గదిలోకి తీసుకుపోవచ్చు. వద్దనే చోట ఉండవద్దు. ఏ భాగం మీద చెయ్యి వేస్తున్నదీ, ఎందుకు వేస్తున్నదీ ముందు చెప్పి, మీరు సరేనన్నాకే వెయ్యాలి. నడుమ మీరు చాలన్నా ఆపాలి. అతను నన్ను ముందుకు, పక్కలకు వంచి చూశాడు. వెల్లకిలా పడుకోబెట్టి కాలు నిటారుగా లేపి చూశాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలి బొటనవేలు పైకి లేపమని తన చేత్తో అదిమిపట్టాడు, బలం చూడ్డానికన్నమాట. తర్వాత ఒక్కొక్క పూసా వేలితో తడుముతూ పైనుంచి కిందకు వచ్చాడు. ఇవన్నీ నేను చదువుకున్నవే. నా పరీక్షలప్పుడు చేసి చూపి మార్కులు తెచ్చుకున్నవే.

చికిత్స మాత్రం 20 నిమిషాలే. పక్కకు పడుకోబెట్టి తుంటి దగ్గర మెత్తగా నొక్కి పట్టాడు. ఊపిరి పీల్చి వదలమని, వదిలినప్పుడల్లా కాలును కొంచెం కొంచెం సాగదీశాడు. చివర ఒకసారి, "ఇప్పుడు చిన్నగా తిప్పుతాను, చప్పుడు రావచ్చు, సరేనా?" అని అడిగి తిప్పాడు. టప్‌మంది. ఆ చప్పుడు విని జరిగిన ఎముక చోటికి వచ్చిందనుకుంటారు మనవాళ్ళు. ఏ ఎముకా జరగదు, చోటికి రాదు. కీలులో ఉన్న ద్రవంలో గాలి బుడగ ఏర్పడి చేసే చప్పుడది, వేళ్ళు విరుచుకున్నప్పటిలాంటిదే. చప్పుడు రాకపోయినా నష్టం లేదు. మెడ సంగతి అడిగితే, "అవసరం లేనిచోట తిప్పను సర్" అన్నాడు. ఆ మాటకు నాకు అతని మీద గౌరవం పెరిగింది. క్షౌరం చేయించుకున్నాక మెడను రెండు పక్కలా టకటక విరిపించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం మెడ పూసల్లోంచి పోతుంది. విసురుకు అది చీరి పక్షవాతం రావడం అరుదే, కాని వచ్చినవాళ్ళున్నారు. తల కత్తిరింపుతో లేచి రండి.

ఆ రాత్రి ఒళ్ళంతా దంచినట్టుంది. మరునాడు కూడా కొంత ఉంది. ఇది మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నొప్పి పోవడానికి బదులు కాలిలో తిమ్మిరి కొత్తగా మొదలైనా, పాదం జారుతున్నా, మూత్రం బిగిసినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అది మామూలు కాదు. వెంటనే, అదే రోజు, పెద్దాసుపత్రికి పోవాలి. అర్ధరాత్రయినా సరే.

మూడుసార్లు వెళ్ళాను. మూడోసారికి కుర్చీలో గంటసేపు కూర్చోగలిగాను. ఇది అతని చేతి మహిమా, ఆరు వారాలు గడిచిన మహిమా అంటే నేను చెప్పలేను. నడుం నొప్పికి చేతి వైద్యం కొంత మేలు చేస్తుందనీ, అయితే ఆ మేలు వ్యాయామం వల్ల కలిగేదానికంటే గొప్పగా ఎక్కువేమీ కాదనీ పరిశోధనలు చెబుతున్నాయి. ఉబ్బసం, చక్కెర జబ్బు, పిల్లల చెవిపోటు చేత్తో పోగొడతామనేవాళ్ళ మాట నమ్మవద్దు. పది దఫాలకు ముందే డబ్బు కట్టమనేవాళ్ళ దగ్గర అసలే ఆగవద్దు. రెండు మూడు దఫాల్లో మార్పు లేకపోతే ఆ దారి మీది కాదన్నమాటే. ఇతను రెండోసారే రెండు వ్యాయామాలు నేర్పి, రోజూ నడవమని, ఇవే అసలు మందు అన్నాడు. మంచాన పడుకుని ఉండటం కంటే మెల్లగా తిరగడమే మంచిదని అందరం ఒప్పుకునేదే. "ఎక్స్‌రే తియ్యలేదేం?" అని మా అల్లుడు అడిగితే, "ఈ వయసులో పూసల అరుగుదల కనిపించకపోతే ఆశ్చర్యం గాని, కనిపిస్తే ఏముంది?" అన్నాడు. నిజమే, తల నెరిసినట్టే పూసలూ అరుగుతాయి. ఆ అరుగుదల చూసి హడలిపోయి మంచం పట్టినవాళ్ళు నా దగ్గరికే ఎంతమంది వచ్చారో!

ఈ మధ్య నా దవాఖానాలో నడుం నొప్పి అన్నవాళ్ళను బల్ల మీద పడుకోబెట్టి వెన్ను తడిమి చూస్తున్నాను. బయట వరస పెరుగుతోందని కాంపౌండరు సణుగుతున్నాడు. సూది వెయ్యకపోతే డబ్బులెందుకియ్యాలని కొందరు రోగులూ సణుగుతున్నారు.

ఫీజు సంగతి మరిచిపోయాను. ముందే ఫోనులో అడిగి తెలుసుకోండి. నాకు ఒక్కొక్క దఫాకు అయిన ఖర్చు, జడ్చర్లలో నేను పదిమందిని చూస్తే వచ్చేంత. ఈ మాట విన్న మా కాంపౌండరు లెక్క వేసి, "అదే ఎదురుకాళ్ళ పిలగాడైతే ఒక కోడిపుంజుతోని పోతుండె సారూ" అన్నాడు.